గోడకు ఇవతల బాడుగ మిషను

నాకు భయం ఎక్కువ. నోరు అంతకంటే ఎక్కువ. నేను గొంతు చించుకుని అరుస్తున్నానంటే లోపల వణికిపోతున్నానని అర్థం. మా ఆయనకు ఆ సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. "ఇప్పుడు దేనికి భయపడి నన్ను తిడతా ఉండావు?" అని నిదానంగా అడిగేవాడు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండేది.

కామసముద్రం పక్కన ఒక పల్లె మాది. రాగి చేను, ఆవుల కొట్టం తప్ప వేరే లోకం తెలియకుండా పెరిగి, కేజీఎఫ్‌లో బంగారు గని పనివాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం అన్నం వారుస్తుంటే కాళ్ళ కింద నేల కుదిపినట్టయింది. బల్ల మీది గిన్నెలు గలగలమన్నాయి. ఇల్లు కూలుతోందనుకుని గరిటె పారేసి వీధిలోకి ఉరికాను. లైనులోని, అంటే మా ఇళ్ళ వరసలోని ఆడవాళ్ళంతా నాకంటే ముందే బయట ఉన్నారు. అయితే ఎవరూ తమ ఇంటి వైపు చూడటం లేదు. అందరూ గనిలోకి దిగే షాఫ్టు గేటు వైపు పరిగెడుతున్నారు. భూమి లోపల ఎక్కడో రాయి పగిలిందట. దాన్ని ఇక్కడ బ్లాస్టు అంటారు. బ్లాస్టయితే ఆడవాళ్ళు గేటు దగ్గరికి పోయి నిలబడాలి. తమ మనిషి పైకి వచ్చేదాకా కదలకూడదు. ఎవరూ చెప్పకుండానే నేనూ వాళ్ళ వెంట పరిగెత్తాను. ఆ రోజు మా ఆయన నవ్వుకుంటూ పైకి వచ్చాడు. నేను గేటు దగ్గరే అందరి ముందూ ఆయన్ని తిట్టిపోశాను.

తర్వాత గనులు మూతపడ్డాయి. గేట్లకు తాళాలు పడ్డాయి. లోపల నీళ్ళు నిండుతున్నాయని చెప్పుకునేవాళ్ళు. బ్లాస్టులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఎప్పుడో ఒకసారి నేల కదిలి ఊరుకునేది. మా ఆయన బెంగుళూరులో వాచ్‌మన్ పనికి కుదిరాడు. తెల్లవారుజాము రైలెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి. నేనూ అదే రైలెక్కి, క్విల్టులు కుట్టి పైదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీకి పోయేదాన్ని. క్విల్టంటే ఏమీ లేదు, మన బొంతే. పైన ముక్కలు అతికిన గుడ్డ, నడుమ దూది, కింద ఇంకో గుడ్డ. మూడు పొరలూ కలిపి కుట్టేస్తే క్విల్టు.

ఆ రైలు సంగతి చెప్పాలి. ఒక ఉదయం ఎక్కుతుంటే వెనకనుంచి జనం తోశారు. చెప్పు జారింది. నా కాలు ప్లాట్‌ఫారానికీ మెట్టుకూ మధ్య సందులోకి మోకాలి దాకా దిగిపోయింది. బండి కదిలింది. ఎవరో ఒకామె నా జడ పట్టుకుని పైకి లాగింది. ఆమె ముఖం కూడా నేను చూడలేదు. దెబ్బ మానింది, కానీ ఆ తర్వాత రైలు కూత వినపడితే చాలు నా మోకాలు దానంతటది ముడుచుకుపోయేది. అయినా పోవాల్సిందే కదా, పిల్లలున్నారు. రోజూ ఏడుస్తూ ఎక్కేదాన్ని, ఏడుస్తూ దిగేదాన్ని.

అంతలో ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త మిషన్లు తెప్పించి పాతవి అమ్మేస్తామన్నారు. నేను పనిచేసే మిషనూ అందులో ఉంది. మేం దాన్ని పొడుగు చెయ్యి మిషను అనేవాళ్ళం. మామూలు మిషనులో గుడ్డను సూది కిందికి తోస్తాం. ఇందులో గుడ్డను నులక మంచం బిగించినట్టు చట్రం మీద బిగించి, మిషన్నే పట్టాల మీద అటూ ఇటూ తోయాలి. తాళి తప్ప నా ఒంటి మీది బంగారమంతా పెట్టి దాన్ని తెచ్చుకున్నాం. తలుపు రెక్కలు ఊడదీస్తే గానీ లోపలికి రాలేదు. లోపలికి వచ్చాక మాకు చోటు లేదు. ముందు గది ఈ గోడనుంచి ఆ గోడదాకా చట్రమే. పిల్లలు దాని కింద చాప వేసుకుని పడుకునేవాళ్ళు.

"ఏమే, దీన్ని పెట్టుకుని ఎవురికి కుడతావు?" అన్నాడు మా ఆయన.

"నేను కుట్టను. వాళ్ళే వచ్చి కుట్టుకుంటారు. గంటకింత అని బాడుగ."

ఆ ఆలోచన నాది కాదు, టీచరమ్మది. ఆమె చర్చివాళ్ళ మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరయిన పెద్దావిడ. చర్చిలో ఆమె, ఆమె స్నేహితురాళ్ళు గుడ్డముక్కలు అతికి అందమైన క్విల్టులు మొదలుపెట్టేవాళ్ళు. కానీ మూడు పొరలూ వాళ్ళ ఇంటి మిషన్లలో దూరేవి కావు. సూదులు విరిగేవి. సగం సగం క్విల్టులు అందరి బీరువాల్లో మూలుగుతున్నాయని టీచరమ్మే చెప్పింది. "హాబీ అమ్మా, హాబీ. దీనికి బాడుగ ఇచ్చేదానికి మేం రెడీ" అంది.

"హాబీ అంటే?" అని మా ఆయన నన్నడిగాడు.

"పనిలేని పని."

"పనిలేని పనికి బాడుగ ఎవురిస్తారే?"

నేను అరిచాను. అంటే నాకూ అదే భయం. ఈ మిషను ఇంట్లో నిలిచి తిరిగితే నేను ఇంట్లో ఉంటాను. ఇది బయటికి పోతే నేను మళ్ళీ ఆ రైలెక్కాలి. రాత్రింబవళ్ళు నా బుర్రలో ఇదొక్కటే తిరిగేది.

గది చిన్నది కాబట్టి చట్రం కదలకుండా మా ఆయన దాన్ని గోడకు బోల్టులు వేసి బిగించాడు. మేం చేసిన తప్పు అదే. లైను ఇళ్ళకు ఇంటింటికీ వేరే గోడ ఉండదు. మా గోడే పక్కింటి గోడ. పక్కింట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఆమె భర్త షాఫ్టులో గంట కొట్టే పని చేసేవాడట. మనుషులను లోపలికి దించే ఇనప బోనుకు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో గంటలతో చెప్పే పని. నేను కాపురానికి రాకముందే ఒక బ్లాస్టులో పోయాడు. అవ్వ గేటు దగ్గర నిలబడి ఉండగా ఆయన్ని దుప్పటి కప్పి పైకి తెచ్చారట.

మొదటి రోజు టీచరమ్మ మనవరాలి కోసం అతికిన క్విల్టు తెచ్చింది. బిగించాం. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని పిడులు పట్టుకుంది. పెద్ద సూది అది, వేలు పోతే ఎవరిది జవాబుదారీ? "టీచరమ్మా, ఏలు! ఏలు!" అని అరుస్తూనే ఉన్నాను. "సుమ్నే ఉండమ్మా, అరవద్దు, నువ్వు అరిస్తేనే నాకు భయం" అంది ఆమె. స్విచ్చి వేశాను. మిషను గుర్రుమంది. టీచరమ్మ తోసింది, కుట్టు పడింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇంగా స్పీడు పెట్టు" అంది. పెట్టాను.

అప్పుడు వినపడింది, బయటినుంచి. "బ్లాస్టూ! బ్లాస్టూ!"

టీచరమ్మ చేయి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాను. లైనంతా బయటే ఉంది. ఒకామె చంకలో పిల్ల, ఒకామె చేతికి పిండి. "గిన్నెలు కొట్టుకున్నాయి, గోడ అదిరింది" అని అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మా ఇంట్లోంచి మిషను ఇంకా గుర్రుమంటూనే ఉంది. ఒకరొకరుగా అందరూ మాటలు ఆపి, ఆ చప్పుడు విని, నా వైపు తిరిగారు. చచ్చాను రా దేవుడా అనుకున్నాను.

"అవ్వ యాడ?" అన్నారెవరో.

అవ్వ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల లేదు. ఎక్కడికి పోయి ఉంటుందో నాకు వెంటనే తెలిసింది. పరిగెత్తాను. అవ్వ షాఫ్టు గేటు దగ్గర ఉంది. తుప్పు పట్టిన కమ్మీలు రెండు చేతులా పట్టుకుని లోపలికి చూస్తోంది. లోపల తుమ్మచెట్లు తప్ప ఏమీ లేదు. కాళ్ళకు చెప్పులు లేవు. నా అడుగుల చప్పుడు విని తల తిప్పకుండానే అడిగింది.

"మీవాడు ఏ షిఫ్టమ్మా?"

బ్లాస్టంటే ఎంత భయపడ్డానో దానికి పది రెట్లు భయం ఆ ఒక్క మాటకు వేసింది. "అవ్వా, గని మూసినారు కదా. మావాడు బెంగుళూరులో ఉండాడు. అది బ్లాస్టు కాదవ్వా, నా మిషను" అన్నాను. ఆమె కమ్మీలు వదిలి, కొంగుతో చేతుల తుప్పు తుడుచుకుంది. "అందురూ నవ్వుతారు కదమ్మా" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత చాలా రోజులు అవ్వ మంచం దిగలేదు. ఊపిరి అందేది కాదు. నేను గంజి కాచి తీసుకుపోయేదాన్ని. ఆమెకు ఏమన్నా అయితే అది నా వల్లేనని నాకు నిద్ర పట్టేది కాదు.

లైను వాళ్ళు మా ఇంటి ముందు కూడారు. మా లైనుకు పెద్ద ఒక తాత. ఒకప్పుడు షాఫ్టు పైన, బోనును దించి ఎత్తే వైండింగ్ ఇంజను నడిపినవాడు. నవ్వడం ఎప్పుడూ చూడలేదు. "మిషను ఇంట్లో వద్దమ్మా. బయట యాడన్నా పెట్టుకో" అన్నాడు. బయట ఎక్కడ? షెడ్డుకు అద్దె కట్టే తాహతు మాకు లేదని అందరికీ తెలుసు. మా ఆయన చట్రాన్ని గోడనుంచి విప్పేస్తానన్నాడు, కాళ్ళ కింద లారీ టైర్ల రబ్బరు వేస్తానన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు. "నాలుగు లైన్ల ముసలోళ్ళు ఉండారప్పా. ఎవురి గుండె ఎట్లుండాదో."

నా కళ్ళ ముందు ఆ రైలు మెట్టు సందే కనపడుతోంది, మోకాలి దాకా దిగిపోయిన నా కాలే కనపడుతోంది.

అవ్వ మంచంలోంచే అరిచింది. "మిషను ఉండనీప్పా! చెప్పి ఏస్తే సాలు."

"ఎట్ల చెప్తాది?" అన్నాడు తాత.

"గోడ తట్టమను. మూడు దెబ్బలు. మూడు గంటలు కొడితే బోనులో మనుషులుండారని కదా లెక్క? మా ఆయన చెప్పేవాడు. మనుషులుండారంటే మెల్లగా దించుతారు. తను మూడు కొట్టాల. నేను మూడు కొట్టాల. అప్పుడే ఏయాల."

ఇంజను నడిపిన మనిషికి ఆ లెక్క కాదనడం చేతకాలేదు. "సరే" అన్నాడు. "కానీ ఒక్కసారి కొట్టకుండా ఏసినావంటే, ఆ దినమే మిషను బయట ఉంటాది. ఇంగ మాటల్లేవు."

అట్లా మొదలైంది. చట్రం విప్పి రబ్బరు వేశాం. అదురు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నేను మూడు దెబ్బలు కొట్టేదాన్ని. అటునుంచి మూడు దెబ్బలు వచ్చేవి. అప్పుడు స్విచ్చి. వచ్చినవాళ్ళకు ఇది వింతగా ఉండేది. శ్రీనివాసపురం నుంచి ఒక మామిడితోటల ఇంటావిడ, కాయల కాలం అయిపోయాక పట్టుచీర ముక్కలు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చేది. "ఏమమ్మా, ఆ గోడలో దేవుడుండాడా?" అని అడిగింది. "ఉండాడు. కోపమొస్తే మిషను పీకేస్తాడు" అన్నాను. ఆమె నిజంగానే గోడకు దండం పెట్టింది.

అవ్వ లేచి తిరగడం మొదలుపెట్టాక మా గడప మీద కూర్చునేది. "బొంతకు బాడుగా! కలికాలం" అని ముక్కు మీద వేలు వేసుకునేది. కొన్నాళ్ళకు తన పాత చీరలు కత్తిరించి ఆమే ముక్కలు అతకడం మొదలుపెట్టింది. టీచరమ్మ చూసి "క్విల్టు బాగుంది" అంటే, "క్విల్టు లేదు, గిల్టు లేదు, బొంత" అనేది. ఇంతా చేసి ఆ బొంతను మిషను మీద వేయమంటే వేసేది కాదు. ఇంకా అయిపోలేదనేది.

నాకు మాత్రం భయం తీరలేదు. దెబ్బలు కొట్టానా లేదా అని మిషను తిరుగుతుండగా సందేహం వచ్చేది, ఆపేసి మళ్ళీ కొట్టేదాన్ని. వాన చినుకుల చప్పుడులో అవ్వ జవాబు వినపడకపోతే తలుపు తీసుకుని పోయి అడిగి వచ్చేదాన్ని. కలలో కూడా గోడ కొట్టేదాన్నని మా ఆయన చెప్పేవాడు.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. బంగారం తీసేసి పోసిన సైనైడు మట్టి దిబ్బల మీదినుంచి తెల్లటి దుమ్ము లేచి వస్తోంది. టీచరమ్మ మధ్యాహ్నం వస్తానంది. తెల్లగుడ్డ మాసిపోతుందని తలుపు, కిటికీ మూసి, పట్టాలకు నూనె రాస్తున్నాను. స్విచ్చి వేయలేదు. కరెంటు తీగ కూడా గోడకు తగిలించలేదు, నా ఒళ్ళోనే ఉంది.

కత్తెర డబ్బా దభీమని కింద పడింది. నేల ఒక్కసారి పైకి లేచినట్టయింది. నా చేతి ముందే ఆ మిషను, ఎవరూ తాకకుండా, పట్టాల మీద ఈ చివరనుంచి ఆ చివరకు దొర్లుకుంటూ పోయి టంగుమని తగిలి ఆగింది. నూనె చేతులతోనే తలుపు లాగి వీధిలో పడ్డాను.

వీధిలో ఎవరూ లేరు.

అప్పుడు పట్టుకున్న భయాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఒక్క ఆడది పరిగెత్తలేదు. తాత తన గుమ్మంలో కుర్చీలో కూర్చుని పేపరు దించి, నావైపు ఉరిమి చూశాడు.

"ఏమమ్మా, కొట్టకుండానే ఏసినావా?"

అందరూ నా మిషనే అనుకున్నారు. బ్లాస్టు అని అరవబోయాను. మాట నాలుక చివరదాకా వచ్చింది. అవ్వ తలుపు మూసి ఉంది. నేను అరిస్తే ఆమెకు వినపడుతుంది. వినపడితే ఆమె గేటు దగ్గరికి పోతుంది, చెప్పులు లేకుండా, ఆ ఊపిరితో. అరవలేదు. ఆమె తలుపు తోసుకుని లోపలికి పోయాను.

పైనుంచి సున్నం పెచ్చులు రాలి నేలంతా తెల్లగా ఉంది. గిన్నెలు బల్ల మీదినుంచి పడి దొర్లుతున్నాయి. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బొంత పరుచుకుని. సూది గుడ్డలోనే ఆగిపోయింది.

"నువ్వే కదమ్మా?" అంది.

"నేనే అవ్వా. మిషనే."

"కొట్టలేదే."

"మర్చిపోయినాను అవ్వా. నా బుద్ధి గడ్డి తినింది."

ఏం మాట్లాడానో మాట్లాడాక తెలిసింది. వెనక గుమ్మంలో చెప్పుల చప్పుడు. తాత వచ్చాడు, ఆయన వెనక లైను వాళ్ళు. రాలిన సున్నాన్ని చూశారు, గిన్నెలను చూశారు. నిజం చెబితే మిషను దక్కుతుంది. కానీ అవ్వ ముందు చెప్పాలి. చెప్పకపోతే రైలు. నా మోకాలు అప్పుడే ముడుచుకుపోతోంది. ఇంత నోరున్న దాన్ని, చెట్టంత మనుషుల ముందు నిలబడి ఒక్క మాట అనలేకపోయాను.

"అడుగుతా ఉండేది నిన్నే. గోడ కొట్టినావా, లేదా?" అన్నాడు తాత.

"కొట్టింది" అంది అవ్వ.

అందరూ ఆమె వైపు చూశారు.

"మూడు కొట్టింది. నేనూ మూడు కొట్టినాను. నీకు చెవుడొచ్చి ఇనపడకపోతే అది దాని తప్పాప్పా? స్పీడు కొంచిం ఎక్కువ పెట్టింది, అంతే. పోండి, పోండి. నా ఇంట్లో ఏంది ఈ జాతర?"

తాత ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "స్పీడు తగ్గించమ్మా" అని గొణిగి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఆయన వెంట పోయారు.

"తలుపు ముయ్యి" అంది అవ్వ.

మూశాను. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె బొంత కింద నా చేయి వెతికి పట్టుకుంది. ఆమె చేయి మంచుగడ్డలా ఉంది.

"పెద్దదే" అంది మెల్లగా. "చానా లోతులో అయ్యుండాది."

"ఏది అవ్వా?" అన్నాను.

"నీ మిషను గోడలోనుంచి వస్తాది. ఇది కిందనుంచి వచ్చింది. ఇన్నేండ్లు ఈ గిన్నెలు పట్టుకోని కూర్చున్నా, నాకు తెలీదా?"

"తెలిసీ బయటికి పోలేదే అవ్వా? గేటుకాడికి?"

"ఎవురుండారమ్మా లోపల, పోయేదానికి?"

నేను ఏడ్చాను. అవ్వ ఏడవలేదు. గుడ్డలో ఆగిన సూదిని తీయబోయింది గానీ వేళ్ళు పట్టు తప్పుతున్నాయి. కాసేపటికి నన్ను తోసింది. "పో. టీచరమ్మ వచ్చే పొద్దయింది. నీ మిషను తిరక్కపోతే వాళ్ళకు అనుమానమొస్తాది. ఏసుకో పో. కొట్టి ఏసుకో."

ఇంటికి వచ్చి కత్తెర డబ్బా ఎత్తిపెట్టాను. ఆ చివరన ఉన్న మిషన్ను మధ్యకు లాగాను. తీగ తగిలించాను. గోడ దగ్గరికి పోయి మూడు దెబ్బలు కొట్టాను.

అవతల నిశ్శబ్దం. చెవి గోడకు ఆనించి నిలబడ్డాను. మా ఆయన బెంగుళూరులో ఉన్నాడు, పిల్లలు స్కూల్లో ఉన్నారు, నేను నా ఇంట్లోనే ఉన్నాను. అయినా ఆ మొదటి బ్లాస్టు నాడు గేటు దగ్గర ఎలా నిలబడ్డానో అలాగే నిలబడ్డాను, కదలకుండా.

చాలాసేపటికి అవతలనుంచి మూడు దెబ్బలు వినపడ్డాయి.